తాళం తిరగకపోతే జోరు చేయొద్దు!

దోహా: 2023 ఆగస్టు. తెల్లవారుజామున నాలుగుంబావు. మనోళ్లంతా సనయ్యా అని పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు గేటు ముందు బస్సు ఆగి ఉంది. లోపల ఇరవై ఆరు మంది. షట్టరింగ్ కార్పెంటర్లు, స్టీల్ ఫిక్సర్లు, మేస్త్రీలు, హెల్పర్లు. ఒళ్లో టిఫిన్ డబ్బాలు, కళ్లల్లో ఇంకా నిద్ర. డ్రైవరు జగిత్యాల వైపు తమ్ముడు. తాళంచెవి పెట్టాడు, తిప్పాడు. తిరగలేదు.

"అన్నా, కీ తిరుగుతలేదే!" అన్నాడు మా వైపు చూసి.

ఇక చూడండి, బస్సులో ఎంత మంది ఉన్నారో అన్ని సలహాలు. ఒకరు నూనె పోయమన్నారు. ఒకరు కీ మీద సుత్తితో కొట్టమన్నారు. వెనక సీటు నుంచి ఎవరో కటింగ్ ప్లేయర్ అందించారు. సూపర్‌వైజర్లం అయిన మేమైనా ఆపాలి కదా? ఆపలేదు. పైగా "కొంచెం గట్టిగ తిప్పు తమ్మీ, లేటైతుంది" అన్నాం. తమ్ముడు ప్లేయర్‌తో పట్టి తిప్పాడు. 'టప్' మని చప్పుడు. సగం కీ చేతిలో, సగం తాళంలో!

ఆ రోజు వేరే బండి వచ్చేసరికి ఆరున్నర దాటింది. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని నిషేధం. అందుకే వేసవిలో పొద్దున ఐదింటికే పని మొదలుపెడతాం. ఆ ఐదు గంటల్లో రెండు గంటలు పోతే ఇరవై ఆరు మందికి పొద్దుటి పని సగం పోయినట్టే. అదొక నష్టం. రెండోది, తాళం మార్చడానికి ఏడు వందల రియాళ్లు అయ్యాయి. "డ్రైవరు విరగ్గొట్టాడు, అతని జీతంలో కోయండి" అన్నారు ఆఫీసులో. తమ్ముడి జీతం పద్దెనిమిది వందలు. ఇంటికి పంపాల్సిన డబ్బు అందులోంచే పంపాలి.

ఈ గొడవ ఎలా తేలిందో చివర్లో చెబుతాం. ముందు అసలు ఆ తాళం ఎందుకు తిరగలేదో చూద్దాం. ఎందుకంటే, అందులో చెడిపోయింది ఏమీ లేదు!

ఊళ్లో బండి హ్యాండిల్ లాకు లాంటిదే

ఊళ్లో మోటార్ సైకిల్ నడిపిన వాళ్లందరికీ హ్యాండిల్ లాకు తెలుసు. హ్యాండిల్ ఎడమకు తిప్పి లాక్ చేస్తాం. తీసేటప్పుడు ఒక్కోసారి కీ బిగుసుకుంటుంది. అప్పుడేం చేస్తాం? హ్యాండిల్‌ను కొంచెం అటూ ఇటూ కదుపుతూ కీ తిప్పుతాం, వచ్చేస్తుంది. కారు, పికప్, బస్సు స్టీరింగ్ లాకు కూడా అచ్చం అంతే.

కీ బయటికి తీయగానే ఒక ఇనుప మేకు స్ప్రింగ్ బలంతో స్టీరింగ్ రాడ్డు మీదికి వస్తుంది. స్టీరింగ్ కొంచెం తిప్పితే ఆ మేకు రాడ్డులో ఉన్న గాడిలో 'టక్' మని పడుతుంది. ఇక దొంగ లోపలికొచ్చినా బండి తిప్పలేడు. దొంగతనాలు ఆపడానికే పశ్చిమ జర్మనీ 1961లో కార్లకు ఇలాంటి లాకు తప్పనిసరి చేసింది. అమెరికాలో 1970 జనవరి 1 నుంచి దొంగతనాల నివారణ నిబంధన అమల్లోకి వచ్చింది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ముందు చక్రం ఫుట్‌పాత్ రాయికి ఆనించి, స్టీరింగ్ తిప్పి ఉండగానే బండి ఆపేస్తాం. టైరు వెనక్కి తన్నుతూ ఉంటుంది. ఆ ఒత్తిడంతా స్టీరింగ్ రాడ్డు ద్వారా మేకు మీద పడుతుంది. మేకు గాడిలో పక్కకు నొక్కుకుని ఇరుక్కుపోతుంది. అది కదలనిదే కీ తిరగదు. కీ మీద ఎంత బలం పెట్టినా మేకు మీది ఒత్తిడి తగ్గదు. విరిగేది కీయే.

గ్యారేజీకి లాక్కెళ్లాక మలయాళీ మెకానిక్ ఒకాయన మా బస్సు ముందు చక్రం ఎలా ఉండిందని అడిగి, నవ్వాడు. పక్కనున్న ఇంకో బస్సు ఎక్కి కీ తీసి స్టీరింగ్ బిగించాడు. మళ్లీ కీ పెట్టాడు, తిరగలేదు. ఎడమ చేత్తో స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ కదుపుతూ, కుడి చేత్తో రెండు వేళ్లతో కీ తిప్పాడు. అల్కగా తిరిగింది! ఆ రెండు వేళ్ల పని తెలియక మేం రెండు గంటలు, ఏడు వందల రియాళ్లు పోగొట్టుకున్నాం.

వరుస తప్పకుండా చూసుకోండి

బండి మొరాయించగానే బానెట్ ఎత్తడం కాదు. కీ దగ్గరే సగం సమాధానం దొరుకుతుంది.

కీ లోపలికి వెళ్లడం లేదా? తాళంలో దుమ్ము చేరి ఉంటుంది. షమాల్ గాలి వీచిన రోజుల్లో సన్నటి ఇసుక ఎక్కడ దూరదు? ముందు కీ తుడవండి. తాళం రంధ్రంలోకి గాలి ఊదించండి. వంటనూనె, ఇంజను ఆయిలు, గ్రీజు మాత్రం పోయొద్దు. అప్పటికి హాయిగా తిరుగుతుంది గానీ, వారం తిరిగేసరికి ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. తాళాలకు వాడాల్సింది గ్రాఫైట్ పొడి. అది దొరక్కపోతే పెన్సిల్ ముల్లును కీ పళ్ల మీద బాగా రుద్ది నాలుగైదు సార్లు పెట్టి తీయండి. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటే.

కీ వెళ్తోంది, తిరగడం లేదా? పైన చెప్పిన స్టీరింగ్ లాకు పని ముందు చేయండి. స్టీరింగ్ ఒక పక్కకు అసలు కదలదు, రెండో పక్కకు కొంచెం ఆడుతుంది. ఆడే పక్కకు మెల్లగా లాగి పట్టుకుని కీ తిప్పండి. రాకపోతే వదిలి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే స్పేర్ కీ తెప్పించండి. స్పేర్ కీతో తిరిగితే తప్పు తాళంది కాదు, అరిగిపోయిన కీది. తాళం లోపల చిన్న చిన్న ఇత్తడి పలకలు ఉంటాయి. కీ పళ్లు వాటిని సరిగ్గా ఒకే ఎత్తుకు తేవాలి. అరిగిన కీ తేలేదు.

కీ తిరిగింది, డ్యాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగలేదా? బ్యాటరీ చూడండి. ఇక్కడి ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకున్నా, నట్టు లూజైనా ఇదే లక్షణం.

లైట్లు వెలిగాయి, 'టిక్ టిక్' అంటోంది గానీ ఇంజను తిరగడం లేదా? ఎక్కువసార్లు బ్యాటరీ బలం తగ్గడమే కారణం. ఆటోమేటిక్ బండి అయితే గేరు 'పీ'లో గానీ 'ఎన్'లో గానీ ఉందా చూడండి. వేరే గేరులో ఉంటే స్టార్టు కాదు.

ఇంజను అందుకుని వెంటనే ఆగిపోతోందా? డ్యాష్‌బోర్డులో కీ బొమ్మ గానీ తాళం బొమ్మ గానీ కొట్టుకుంటోందా? ఇప్పటి బండ్ల కీలలో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని బండి గుర్తుపట్టకపోతే ఇంజను నడవనివ్వదు. ఆ గుత్తిలో ఇంకో బండి చిప్పు కీ ఉంటే విడదీసి చూడండి. స్పేర్ కీతో చూడండి.

బటన్ నొక్కి స్టార్టు చేసే బండి పలకడం లేదా? రిమోట్‌లో నాణెం లాంటి సెల్ అయిపోయి ఉంటుంది. చాలా బండ్లలో రిమోట్‌ను ఆ బటన్‌కే ఆనించి బ్రేకు నొక్కి స్టార్టు చేస్తే పని అవుతుంది.

కీ బయటికి రావడం లేదా? ఆటోమేటిక్ అయితే గేరు పూర్తిగా 'పీ'లో పడిందో లేదో చూడండి. కొన్ని పాత మాన్యువల్ బండ్లకు కీ పక్కన చిన్న బటన్ ఉంటుంది, లేదా కీ లోపలికి నొక్కి తిప్పాలి. లాగి పీకొద్దు.

కీ లోపల విరిగితే? స్క్రూడ్రైవర్, గుండుసూది, ఫెవిక్విక్ – ఏదీ వద్దు. విరిగిన ముక్కను ఇంకా లోపలికి తోసినట్టవుతుంది. తాళాల పనివాడిని పిలవండి. బండిలో మనుషులు ఉంటే ముందు దించి నీడలో కూర్చోబెట్టండి. ఇంజను ఆగితే ఏసీ ఆగుతుంది. ఆగస్టులో మూసిన బస్సు ఎంతసేపట్లో కుంపటి అవుతుందో మనకు చెప్పక్కర్లేదు.

గుత్తి బరువు ప్రాణం మీదికి తెస్తుంది

మన డ్రైవర్ల కీ గుత్తి చూశారా? రూము తాళం, పెట్టె తాళం, సైట్ కంటెయినర్ తాళాలు, బాటిల్ ఓపెనరు, ఊళ్లో దేవుడి బొమ్మ. బండి కుదుపులకు ఆ బరువంతా ఇగ్నిషన్ తాళాన్నే లాగుతూ ఉంటుంది. లోపలి పలకలు అరుగుతాయి.

అరగడంతో ఆగితే పర్వాలేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటి దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్ పట్టు తక్కువ. గుత్తి బరువుకో, కుదుపుకో నడుస్తుండగానే కీ వెనక్కి జరిగేది. ఇంజను ఆగిపోయేది, ప్రమాదంలో ఎయిర్ బ్యాగు తెరుచుకునేది కాదు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకు పరిహారం ఒప్పుకుంది. ఆ లోపం మన బండిలో లేకపోవచ్చు. అయినా బండి కీ ఒక్కదాన్నే వేరు రింగులో పెట్టుకోవడానికి ఖర్చేముంది?

ఇంకో మాట. నడుస్తున్న బండిలో కీ ఎప్పుడూ పూర్తిగా వెనక్కి తిప్పొద్దు, బయటికి తీయొద్దు. స్టీరింగ్ లాకు పడితే బండి మన చేతిలో ఉండదు. ఒకవేళ నడుస్తుండగా ఇంజనే ఆగితే కంగారు పడొద్దు. స్టీరింగ్ బరువవుతుంది గానీ తిరుగుతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లే మెత్తగా పడుతుంది, తర్వాత గట్టిగా తొక్కాలి. మాటిమాటికీ తొక్కి వదలకుండా ఒకే పట్టున తొక్కి పక్కకు తీయండి. హజార్డ్ లైట్లు వేయండి. ప్రమాదం అనిపిస్తే 999కి ఫోన్ చేయండి.

నోటుబుక్కే కాపాడింది

ఇక మా తమ్ముడి సంగతి. కంపెనీ బండ్లలో రోజూ రాసే లాగ్ బుక్ ఉంటుంది కదా. చాలామంది దాన్ని "ఖల్లీ వల్లీ" అని వదిలేస్తారు. మా తమ్ముడు వదల్లేదు. జూలైలోనే రెండుసార్లు తన వచ్చీరాని ఇంగ్లిషులో 'కీ టైట్' అని తారీఖుతో సహా రాశాడు. గ్యారేజీలో తేలింది ఏమంటే, ఆ కీ అసలుది కాదు. కాపీ నుంచి తీసిన కాపీ. కాపీకి కాపీ తీసిన కొద్దీ తేడా పెరుగుతుంది. అసలు కీ నుంచో, కొత్త బండితో వచ్చే చిన్న రేకు మీది కీ నంబరు నుంచో కొత్తది కోయించాలి.

ఖతార్‌లో 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ఉంది. పనిలో వస్తువు పాడుచేశాడని కార్మికుడి దగ్గర పరిహారం వసూలు చేయాలంటే ముందు విచారణ జరగాలి. జీతంలో కోత నెలకు ఏడు రోజుల జీతం దాటకూడదు. అభ్యంతరం ఉంటే నిర్ణయం తెలిసిన ఏడు రోజుల్లో కార్మిక శాఖకు చెప్పుకోవచ్చు. పద్దెనిమిది వందల జీతానికి ఏడు రోజులంటే నాలుగు వందల ఇరవై. ఒకే నెలలో ఏడు వందలు ఎలా కోస్తారు?

మేం లాగ్ బుక్ పేజీల ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన చీటీ జతచేసి రిపోర్టు పెట్టాం. "గట్టిగా తిప్పమన్నది మేమే" అని కూడా అందులో రాశాం. రాయకపోతే ఆ తమ్ముడి ముఖం ఎలా చూస్తాం? నాలుగు రోజులకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది – కోత లేదు. అన్ని బండ్లకు అసలు కీల నుంచి స్పేర్ కీలు చేయించమని ఆర్డరు కూడా వచ్చింది.

డ్రైవర్ సోదరులారా! బండి ఆపేముందు స్టీరింగ్ సీదా చేయండి. టైరు రాయికి ఆనకుండా చూడండి. గుత్తి తేలిక చేయండి. కీ బిర్రుగా ఉంటే ఆ రోజే రాసిపెట్టండి, రాసిన పేజీ ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. సూపర్‌వైజర్ సోదరులారా! లేటవుతోందని డ్రైవరును తొందరపెట్టకండి. విరిగేది కీ, కోత పడేది అతని జీతంలో.

ఈ కాగితం ముక్క కత్తిరించి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. ఏదో ఒక పొద్దున పనికొస్తుంది.