ఆయాసం లేనంత మాత్రాన...

దోహాలోని నజ్మాలో పనికోసం వచ్చినవాళ్ళు చాలామంది ఇరుకు గదుల్లో కలిసి ఉంటారు. వాళ్ళలో ఒకరికి జ్వరం, దగ్గు పట్టుకుంటే ‘ఆయాసం వస్తే చూద్దాంలే’ అని డ్యూటీకి పోవడంలో ఆశ్చర్యం లేదు. సెలవు పెడితే జీతం తెగుతుందన్న భయం అలాంటిది. కానీ ఆయాసాన్ని నమ్ముకోవడం ప్రమాదం. కోవిడ్ ఆ సంగతిని ప్రపంచమంతటా చూపించింది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినా, కులాసాగా ఫోన్లో మాట్లాడుతున్న రోగులను చూసి వైద్యులు నివ్వెరపోయారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని రెండుగా చీలేచోట, రెండువైపులా బియ్యపుగింజంత కెరోటిడ్ బాడీ అనే అవయవం ఉంటుంది. ఆక్సిజన్ తగ్గగానే పసిగట్టి, నరం ద్వారా మెదడుకు కబురు పంపి, ఊపిరి వేగం పెంచేది అదే. శ్వాసను నియంత్రించడంలో ఈ భాగం పాత్రను వెల్లడించినందుకే శాస్త్రవేత్త కోర్నేయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. కరోనా వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్ ఈ అవయవంలోనూ ఉందని స్పెయిన్‌లోని సెవిల్ పరిశోధకులు గుర్తించారు. వైరస్సే ఈ కాపలాదారును దెబ్బతీస్తోందా అని అడిగారు. మరణించిన కొందరి కెరోటిడ్ బాడీల్లో తర్వాత వైరస్ కనిపించింది కూడా. ఆ కాపలా పోతే ఏమవుతుందో వైద్యానికి ముందే తెలుసు. జపాన్‌లో ఒకప్పుడు ఉబ్బసానికి చికిత్సగా వీటిని తీసేశారు. రెండువైపులా తీసేసినవాళ్ళలో, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరి పెరగడమే దాదాపు ఆగిపోయింది.

వైరస్సే కారణమన్న ఈ ఊహకు బలమైన అభ్యంతరముంది. ఆయాసం ప్రధానంగా బొగ్గుపులుసు వాయువు పెరిగితే వస్తుంది; కోవిడ్‌లో అది తేలిగ్గానే బయటికి పోతుంది కాబట్టి, వైరస్ నేరం లేకుండానే రోగి కులాసాగా కనిపించవచ్చు. వయసు, మధుమేహం కూడా ఆక్సిజన్ తగ్గినప్పుడు వచ్చే స్పందనను మందగింపజేస్తాయి. పైగా చాలామంది రోగులు వేగంగానే ఊపిరి తీస్తారు, అంటే వాళ్ళలో కాపలా పనిచేస్తున్నట్టే. ఇవన్నీ నిజమే. అందుకే వైరస్ ఒక్కటే కారణమని నేను అనను. కొందరిలో అదీ తోడై ఉండవచ్చన్నదే సబబు. కారణం ఏదైనా ఆయాసం మాత్రం ఆలస్యంగా రావచ్చు. అందుకని వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటర్ గదికొకటి ఉండడం మేలు. ముదురు రంగు చర్మం మీద అది అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు, వేలు చల్లబడినా లెక్క తప్పవచ్చు. కనుక జ్వరం వచ్చిన తొలిరోజు నుంచీ అంకె రాసుకుంటూ, ఎంత దిగుతోందో గమనించాలి. 94 శాతం కన్నా తగ్గితే, మనిషి నవ్వుతూ తిరుగుతున్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.