టర్బో ఏల చెడును? ఎట్లు బాగగును?

డీజిలు కారు ఘాటురోడ్డు నెక్కునప్పుడు మునుపటి బలము చూపక, ఈలకూత పెట్టుచు, వెనుకగొట్టమునుండి నీలిపొగ విడుచుచున్నచో, టర్బోచార్జరు చెడినదేమో యని మెకానిక్కు సందేహించును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందిన ఈ సాధనము, వృథాగా పోవు పొగవేగముచేతనే ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసు రెండవకొననున్న చక్రముచే గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపును. ఆ ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. అంతటి వేగమున దానిని బేరింగునకు తగులనీయక కాపాడునది తలవెండ్రుకకంటె పలుచనైన నూనెపొర మాత్రమే! కావున టర్బో తనంత తాను చెడుట అరుదు. నూనె చాలకయో, మురికినూనె వలననో, నూనెగొట్టము మసితో పూడుకొనుట వలననో చెడుటయే మెండు.

అయినను తొందరపడి దానిని విప్పరాదు. గాలిగొట్టము చీలినను బలము తగ్గును, నల్లపొగయు వచ్చును. అందుచే మొదట గొట్టములను, క్లాంపులను తడిమి చూడవలెను. పిమ్మట, ఇంజను చల్లారిన తరువాత, గాలిగొట్టము నూడదీసి ఇరుసుకొనను వ్రేళ్ళతో పట్టి మెల్లగా కదపవలెను. ప్రక్కలకు ఇంచుక కదలుట సహజము. ముందువెనుకలకు కదలిక చేతికి తెలిసినను, రెక్కలు గూటిని ఒరసిన గీతలు కనబడినను, లోపము నిశ్చయము.

అప్పుడు ఇరుసుతో కూడిన నడిమిభాగమును, అనగా కార్ట్రిడ్జిని, మార్చుదురు. నూనెయు ఫిల్టరును మార్చి, నూనెగొట్టము శుభ్రపరచి, ఇంజను నడుపుటకు ముందే టర్బోలో కొంత నూనె పోయనిచో, క్రొత్తదియు అచిరకాలముననే పాడగును. బాలలారా, మీ యింటి కారునకు నూనె ఎప్పుడు మార్చిరో పెద్దలను నేడే అడుగుడు.