ఇంటికి సైకిళ్లు ఎన్ని?

మనుషులను కాదు, బయలుదేరే వేళను లెక్క వేయాలి

అమలాపురం: ఇంటికి సైకిలు ఒకటి చాలునా, రెండు కావాలా అన్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కాని బడులు తెరిచే రోజుల్లో కోనసీమ పల్లెల్లోని పేద కుటుంబాలకు ఇది పెద్ద ప్రశ్నే. వున్న ఒక్క సైకిలు మీద తండ్రి పనికి పోతే ఆడపిల్ల హైస్కూలుకు నడిచి పోవాలి. పిల్లకు సైకిలు ఇస్తే తండ్రికి ఆ పూట కూలి పోతుంది. పోనీ మరొకటి కొందామంటే చేతిలో సొమ్ము ఆడదు. చివరకు సర్దుకుపోయేది ఎక్కువగా ఆడపిల్లే.

పుంతల్లో సైకిలే వాహనం

కోనసీమ నేల చదునైనది. ఎత్తుపల్లాలు లేవు. కాలువ గట్లు, చేల మధ్య పుంతలు గల ఈ ప్రాంతానికి సైకిలు ఎంతో అనువైన వాహనం. బస్సు పోలేని దారిలో సైకిలు పోతుంది. కొబ్బరి దింపు కార్మికులు, పాలు పోసేవారు, వీధుల్లో చేపలు అమ్మేవారు దీని మీదనే తిరిగి పొట్ట పోసుకున్నారు. సఖినేటిపల్లి రేవులో సైకిలును కూడా పంటు ఎక్కించి, వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో పని చూసుకుని వచ్చిన వారెందరో.

1970 ప్రాంతంలో ఇంట సైకిలు వుండడమే గొప్ప. పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టేవారు. కొనలేనివారికి అద్దె సైకిళ్ల దుకాణం వుండేది. గంటకు ఇంత అని కట్టి తీసుకుపోయేవారు. అందుచేత ఇంట్లో ఒక్క సైకిలే వున్నా, రెండోది వీధి చివర వున్నట్టే లెక్క. మోటారు సైకిళ్లు పెరిగాక ఆ దుకాణాలు చాలా చోట్ల మూతబడ్డాయి. ఇప్పుడు రెండో సైకిలు కావాలంటే కొనుక్కోవలసిందే. ఎన్ని కొనాలన్న ప్రశ్న ఇంటింటికీ వచ్చింది అందుకే.

లెక్కల్లో వుంది, పిల్లకు లేదు

2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి సుమారు 44 ఇళ్లలో సైకిలు వుంది. 2011 నాటికి అది సుమారు 45 అయింది. పదేళ్లలో పెరిగింది ఒక్క శాతమే. ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి వుంది. లెక్కలు రాసినవారు సైకిలు వున్నదా, లేదా అనే అడిగారు. ఎన్ని వున్నాయని గాని, ఎవరు తొక్కుతున్నారని గాని అడగలేదు. కనుక 'వుంది' అని రాసుకుపోయిన ఇంట్లోని అమ్మాయి కూడా బడికి నడిచే పోతూ వుండవచ్చు.

ప్రతి ఊరికీ ఐదు కిలోమీటర్ల లోపు హైస్కూలు వుండాలన్నది 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యం. ఆ లక్ష్యం పూర్తిగా నెరవేరినా, ఐదు కిలోమీటర్ల దూరానగల పిల్లకు రానుపోను పది కిలోమీటర్లు అవుతుంది. నడిస్తే రెండు గంటలకు పైమాటే. సైకిలు మీద ముప్పావు గంట. మిగిలిన గంటన్నరలో పిల్ల చదువుకోనూ వచ్చు, తల్లికి చేతి సాయం చేయనూ వచ్చు. వానాకాలంలో పొద్దు వుండగానే ఇల్లు చేరడం మరొక లాభం.

బీహారు చూపిన దారి

బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కునేందుకు రెండు వేల రూపాయల చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. దీని ఫలితాలను కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశీలించి 2017లో ప్రచురించారు. ఆ వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగినట్టు, మగపిల్లలతో వున్న అంతరం 40 శాతం తగ్గినట్టు వారు తేల్చారు. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలోనే మేలు ఎక్కువ కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా గతంలో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచారు. అవి వచ్చిన ఇళ్లలో పిల్ల పేరున ఒక సైకిలు వేరుగా వుండడం సాధ్యమైంది.

లెక్క వేసే పద్ధతి

ఇంట్లో ఎంత మంది వుంటే అన్ని సైకిళ్లు అక్కరలేదు. ఒకే వేళకు, వేర్వేరు దారుల్లో ఎంత మంది బయలుదేరాలో చూసుకుంటే చాలు. ఉదాహరణకు తండ్రి తెల్లవారి ఆరు గంటలకు దింపు పనికి పోయి మధ్యాహ్నం తిరిగి వస్తాడు. కూతురు ఎనిమిదిన్నరకు బడికి పోయి సాయంత్రం వస్తుంది. తల్లి సాయంత్రం పాల కేంద్రానికి పోవాలి. మనుషులు ముగ్గురు. కాని తండ్రి సైకిలు మధ్యాహ్నానికే ఇల్లు చేరుతుంది గనుక తల్లి దాన్నే తీసుకుపోవచ్చు. ఆ ఇంటికి రెండు చాలు. ఒకటి మాత్రం చాలదు. అన్నాచెల్లెళ్లు ఒకే బడికి పోతుంటే ఇద్దరికీ ఒకటి సరిపోతుంది. అన్న కాలేజీలో చేరి దారి మారిన నాడు మళ్లీ లెక్క వేయాలి.

అవసరానికి మించి వుంచుకోవడమూ నష్టమే. వాడకుండా మూల పెట్టిన సైకిలుకు గాలి దిగి టైర్లు బీటలు వారతాయి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఉప్పు గాలికి చైను, చక్రాలు త్వరగా తుప్పు పడతాయి. ఓవరాయిలింగు ఖర్చు తొక్కినా, తొక్కకున్నా తప్పదు.

కొత్తది కొనలేనివారు పాతది చూసుకోవచ్చు. ఫ్రేము వంగకుండా, అతుకుల వద్ద పగలకుండా వుంటే టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు తరువాత ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. కొత్త సైకిళ్లపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం కొంత ఊరట. పెద్దల సైకిలే పిల్లకూ సరిపోతుందనుకోవడం పొరపాటు. సీటు మీద కూర్చుంటే కాలు నేలకు అందేది చూసి తీసుకోవాలి.

మోటారు సైకిలు వుండగా సైకిలు దేనికి అని కొందరు అడగవచ్చు. బడి పిల్లల చేతికి మోటారు సైకిలు ఇవ్వడం చట్టరీత్యా నేరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరుకు బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బడి పిల్లలకు సైకిలుకు సాటి లేదు.

ఎవరిదో ముందే తేలాలి

రెండో సైకిలు కొన్నంత మాత్రాన సమస్య తీరదు. తండ్రి సైకిలు పంచరయిన నాడు పిల్ల సైకిలు పనికి పోతుంది. అన్నకు తొందర పని పడితే అదే పోతుంది. అలా నెలలో నాలుగు రోజులు బడి మానిన పిల్ల పాఠాల్లో వెనుకబడుతుంది. అందుచేత కొనేటప్పుడే అది ఎవరిదో ఇంటిల్లిపాదీ తేల్చుకోవాలి. బడి వేళల్లో దానిని మరొకరు తాకరాదని కట్టుబాటు చేసుకోవాలి.

జూన్ నెలలో బడులు తెరిచేలోగా ప్రతి ఇంటా ఒక కాగితం మీద ఎవరు ఎన్ని గంటలకు, ఎటు పోతారో రాసుకుంటే ఎన్ని సైకిళ్లు కావాలో తెలిసిపోతుంది. ఆ కాగితంలో ఆడపిల్ల పేరు చివరన గాక మొదట రాయవలసిన అవసరం ఎంతైనా వుంది.