సైనికుల బూట్లతో పరుగు

ఏటేట మన పాఠశాలలో ఎన్.సి.సి.యందు చేరు బాలురకు బూట్లు లభించినతోడనే కలుగు మొదటి కోరిక, వానిని తొడిగికొని మైదానముచుట్టును పరుగెత్తుట. పై తరగతులవారిలో సైన్యమునకు పోగోరువారు కొందరు, అక్కడ ఎట్లును బూట్లతో పరుగెత్తవలసినదే గదాయని, తెల్లవారుజామున తారురోడ్డుమీద నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తుచున్నారు. వారి పట్టుదల మెచ్చదగినదే. కాని మూడు వారములు గడచునప్పటికి వారిలో కొందరు కుంటుచు తరగతికి వచ్చుట మేము చూచుచున్నాము. ఈ బాధ ఎట్లు కలుగునో, దానిని తప్పించుకొను మార్గమేదో తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పూర్వము సైనికుల బూట్ల అడుగున ఇనుప మేకులుండెడివి. 1935లో ఆల్ప్స్ పర్వతములలో తగిన పాదరక్షలు లేక చలిలో చిక్కి ఆరుగురు మరణింపగా, వారి సహచరుడైన విటాలే బ్రామని అను ఇటలీదేశస్థుడు 1937లో గట్లు తీర్చిన రబ్బరు అడుగును కల్పించెను. నేటి సైనికుల బూట్లలో పెక్కింటికి అట్టి అడుగే యున్నది. వియత్నాం యుద్ధకాలమున అమెరికావారు తోలుతోపాటు నైలాను గుడ్డను వాడి, నీరు కారిపోవుటకై ప్రక్కలను చిన్న రంధ్రములుంచిరి. ఈ మార్పులన్నియు రాయి, ముల్లు, బురదలనుండి కాలిని కాపాడుటకు చేసినవేగాని వేగముకొరకు చేసినవి కావు.

తోలుబూట్ల జత సామాన్యముగా ఒకటిన్నర కిలోగ్రాము తూగును. పరుగుజోళ్లు అరకిలోకు మించి అంతగా తూగవు. ఆ కిలో భేదమును వీపున మోసిన అంతగా తెలియదు. కాలి చివర నుండుటచే ప్రతి అడుగునకును దానిని ఎత్తవలెను, ముందునకు విసరవలెను, మరల ఆపవలెను. చేతికర్ర చివర రాయి కట్టి ఆడించి చూచిన బాలురకు ఇది వెంటనే బోధపడును. ఒక్కొక్క పాదరక్ష బరువు 100 గ్రాములు హెచ్చిన పరుగుశ్రమ నూటికి సుమారు ఒక వంతు హెచ్చునని 1984లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఇదికాక, ఎత్తైన బూటు చీలమండను బిగించి యుంచును. దాని అడుగు సులభముగా వంగదు.

ఇక ఎముకల సంగతి. 1855లో బ్రైట్‌హౌప్ట్ అను ప్రష్యా సైనికవైద్యుడు, ఏ దెబ్బయు తగులకయే కవాతుచేయు సిపాయిల పాదములు వాచి నొప్పిపెట్టుటను వర్ణించెను. అది మీగాలి ఎముకలో కలుగు సన్నని బీటయని 1897లో ఎక్సురేవలన తేలినది. ఎముక జీవముగలది. క్రొత్త శ్రమ కలిగినపుడు అది తనలోని పాతభాగమును కొంత తీసివేసి, పిమ్మట గట్టిదానిని కట్టుకొనును. పాతగోడను సగము పడగొట్టి, క్రొత్తగోడ లేవకముందే మిద్దెమీద బస్తాలు పేర్చిన ఏమగును? మొదటి వారములలోనే బాలురు కుంటుటకు ఇదియే కారణము. 1985లో వెలువడిన ఒక పరిశీలనలో ఇస్రాయేలు సైన్యమున క్రొత్తగా చేరిన 295 మందిలో నూటికి 31 మందికి ఇట్టి బీటలు కనబడినవి. తరువాత అక్కడనే కొందరికి బూట్లకు బదులు బాస్కెట్‌బాల్ జోళ్లిచ్చి చూడగా, పాదపు నొప్పులు తగ్గినవిగాని మొత్తముమీద బాధలు తగ్గలేదు. కావున దోషమంతయు బూటుదే యనుట న్యాయముకాదు, తొందరయు దోషియే.

అమెరికా సైన్యము 1982లో దినచర్యలోని పరుగునకు బూట్లు మాని పరుగుజోళ్లను ప్రవేశపెట్టెను. మన సైన్యమునందు శిక్షణ పొందినవారు 5 కిలోమీటర్లు బూట్లతో, తుపాకితో పరుగెత్తవలసిన పరీక్షయున్నది. సైన్యమున చేరుటకై నడచు 1.6 కిలోమీటర్ల పరుగునకు మాత్రము బూట్లు అక్కరలేదు. కాబట్టి చేరగోరువారు పరుగును తేలికజోళ్లతోనే నేర్చుకొనుట మేలు. బూట్లను మొదట రెండు వారములు నడకకే వాడవలెను. పిదప వారమునకొక దినము, మట్టినేలమీద, కిలోమీటరుకు మించకుండ పరుగెత్తవచ్చును.

కొలత విషయమున తలిదండ్రులకొక మాట. పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక బూట్లను అప్పుడే తొడిగి చూడవలెను. వ్రేళ్లముందు బొటనవ్రేలి వెడల్పు చోటుండవలెను, మడమ పైకి లేవరాదు. అన్న బూట్లను తమ్మునికి తొడుగుట పొదుపే గాని, అవి అన్న కాలికి అమరి వంగియుండును. బాలికలకు ఈ బీటలు బాలురకంటె ఎక్కువగా కలుగుచున్నవి. వారికి మగవారి బూట్లలో గుడ్డలు కుక్కి యిచ్చుట తగదు. తడిసిన నూలు మేజోళ్లు బొబ్బలకు మూలము. లోపల పలుచనివి, పైన ఉన్నివి తొడిగిన రాపిడి ఆ రెంటి నడుమనే అణగిపోవును.

నొప్పి ఎముకమీద ఒక్కచోటనే, వ్రేలితో నొక్కి చూపగలిగినట్లుండి, నడచునపుడును వదలకున్న పరుగు ఆపి వైద్యునికి చూపవలెను. బెణుకని తలచి నూనె కాచి మర్దన చేయించుటవలన బీట అతుకదు. ఉపాధ్యాయులమైన మేమును దానిని సోమరితనముగా నెంచరాదు. మానుటకు సామాన్యముగా ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. ఆ కాలమున వైద్యుడు సమ్మతించిన ఈతయో, సైకిలు త్రొక్కుటయో చేసిన, సంపాదించిన ఊపిరిబలము చాలవరకు నిలుచును.