మావెరిక్‌కు ఇనుప వేషం

కామిక్ కాన్‌లో వేసుకునే వేషం కోసం మా మేనల్లుడు తన పాత నెర్ఫ్ మావెరిక్ (స్పాంజి డార్టులు పేల్చే బొమ్మ తుపాకీ) తెచ్చి రంగు వేసిపెట్టమన్నాడు. స్క్రూలు విప్పుతుంటే పక్కనే కూర్చుని అడిగాడు: "మామయ్యా, డార్ట్ పెట్టకుండా నొక్కితే మూతి దగ్గర గాలే రాదేం?"

ఆ బొమ్మ గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పైభాగం వెనక్కి లాగితే స్ప్రింగు అణిగి, పిస్టన్ ఒక కొక్కేనికి తగులుకుని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం వదిలేస్తుంది. పిస్టన్ ముందుకు ఉరికి గాలిని నెడుతుంది, గాలి స్పాంజి డార్ట్‌ను నెడుతుంది. మరి డార్ట్ లేకపోతే? ఎదురన్నది లేక పిస్టన్ వెళ్లి సిలిండర్ గోడను ఫెడీమని గుద్దుకోవాలి. పదే పదే అలా గుద్దుకుంటే ప్లాస్టిక్ ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే డార్టులు పట్టే ఆరు గొట్టాలకూ వెనకాల ఒక్కో బుల్లి కవాటం, దాని నుంచి పొడుచుకొచ్చిన ఓ పుల్ల పెట్టారు. డార్ట్ దూరిస్తే అది పుల్లను నొక్కి దారి తెరుస్తుంది. లేకపోతే దారి మూసే ఉంటుంది, చిక్కుకున్న గాలే పిస్టన్‌కు పరుపవుతుంది. సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి పిడి నొక్కి చూడండి, చేతికే తెలుస్తుంది.

డార్ట్ ఇంకా దూరం పోతుందని చాలామంది ఈ కవాటాలను పీకేస్తారు. నాకు మనసొప్పదు. వేషానికి దూరంతో పనేముంది?

ఇక రంగు. నున్నటి ప్లాస్టిక్‌ను రంగు పట్టుకోదు. ముందు ఉప్పుకాగితంతో రుద్ది, ఉబ్బెత్తు అక్షరాలు అరగదీసి, ప్రైమర్ కొట్టి, ఆపైన నలుపు వేయాలి. అసలు మాయ ఆ తర్వాతే. బ్రష్షును వెండిరంగులో ముంచి, గుడ్డకు తుడిచి తుడిచి, దాదాపు పొడిగా అయ్యాక అంచుల మీద తేలిగ్గా ఆడించాలి. రంగు గుంటల్లోకి దిగదు, ఎత్తుగా ఉన్నచోటే అంటుతుంది. నిజం ఇనుము కూడా చేతులు తగిలే అంచుల దగ్గరే అరిగి మెరుస్తుంది కదా! మా మావెరిక్‌లో ఆ ఆరు గొట్టాలుండే సిలిండర్ గాడుల అంచులు అలా తేలుతుంటే వాడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఒక్క జాగ్రత్త: జారే భాగాలకు రంగు దట్టంగా పడకూడదు. మొదటిసారి నేను అలాగే పూసి పైభాగం కదలకుండా చేసుకున్నాను, మళ్లీ అంతా గీకాల్సి వచ్చింది.

ఉన్న వస్తువుకు ఇలా కొత్త వేషం వేయడం సినిమావాళ్లూ చేశారు: 1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో హాన్ సోలో పాత్ర పట్టుకున్న బ్లాస్టర్ తుపాకీ, మౌజర్ సీ96 అనే పాత జర్మన్ పిస్తోలు మీద దుర్భిణి వగైరా తగిలించి చేసింది.

"మూతికి కూడా నలుపే వేద్దాం మామయ్యా" అన్నాడు. వద్దురా అన్నాను. బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు గుర్తు ఉండాలని అమెరికాలో 1989 నుంచి నిబంధన ఉంది, దూరం నుంచి చూసేవాళ్లు నిజం తుపాకీ అనుకోకూడదని. మీరూ ఎంత బాగా రంగు వేసినా ఆ మూతిని మాత్రం ముట్టుకోకండి. దారిలో సంచిలోనే పెట్టుకెళ్లండి.