నదిలో పారేసిన అక్షరాలు

లండను నగరంలో థేమ్సు నది మీద హామర్‌స్మిత్ వంతెన ఉన్నది. 1916వ సంవత్సరం ఆగస్టు మొదలు, చీకటి పడినాక ఒక ముసలాయన ఏదో బరువు మోసుకుంటూ ఆ వంతెన మీదికి వస్తూండేవాడు. ఎవరూ చూడకుండా ఆ బరువును నీళ్ళలో వదిలి ఇంటికి పోయేవాడు. ఆయన దొంగ కాడు. ఆయన పారేసినవి సీసపు అచ్చు అక్షరాలు. అవంటే ఆయనకు ప్రాణం!

ఆయన పేరు కాబ్డెన్ సాండర్సన్. మొదట న్యాయవాది. నలభై ఏళ్ళు దాటాక ఆ వృత్తి మీద విసుగు పుట్టి, చేతులతో ఏదైనా పని చెయ్యాలనుకున్నాడు. బైండింగు నేర్చుకోమని స్నేహితుడు విలియం మారిస్ భార్య సలహా ఇచ్చింది. వకీలుగారు సూదీ దారమూ పట్టాడు.

చేతి బైండింగంటే అట్ట అంటించటం కాదు. అచ్చయిన పెద్ద కాగితాలను మడిచి, ఆ మడతలను వరసగా పేర్చి, ఒక్కొక్క మడతనూ వీపు దగ్గర సూదితో కుట్టాలి. అట్టలు బిగించి తోలు తొడగాలి. ఆ తోలు మీద బంగారు రేకు పరిచి, వేడి చేసిన ముద్రలతో నొక్కితే పూలూ, తీగెలూ మెరుస్తాయి. మీ పుస్తకాల వీపులు ఒకసారి చూడండి. కుట్టినదేదో, జిగురుతో అంటించినదేదో మీకే తెలుస్తుంది.

1900లో ఆయనా, ఎమరీ వాకర్ అనే ఆయనా కలిసి డవ్స్ ప్రెస్ అనే అచ్చుకూటం పెట్టారు. 15వ శతాబ్దంలో వెనిస్ నగరంలో జెన్సన్ అనే ఆయన వాడిన అక్షరాలను నమూనాగా పెట్టుకుని కొత్త అక్షరాలు పోత పోయించారు. చిన్న లోహపు కడ్డీ కొసన అక్షరం అద్దంలో లాగా తిరగబడి ఉంటుంది. కంపోజిటరు వాటిని ఒక్కొక్కటే ఏరి, పంక్తులు పేర్చి, పుట కడతాడు. సిరా పూసి, కాగితం పరిచి నొక్కితే, తిరగబడినవి కాస్తా తిన్నగా పడతాయి! పని కాగానే ఆ అక్షరాలనే విడదీసి, మరొక పుటకు వాడతారు.

ఆ అక్షరాలతోనే 5 సంపుటాల బైబిలు అచ్చయి, 1905 నాటికి పూర్తయింది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. మొదటి పుటలో మాత్రం ఒక్క ఎర్రటి అక్షరం పుట పొడుగునా నిలబడి ఉంటుంది.

తరువాత భాగస్వాములు తగువు పడ్డారు. కాబ్డెన్ సాండర్సన్ చనిపోయాక అక్షరాలు వాకర్‌కు చెందాలని ఒప్పందం కుదిరింది. కాని, అవి ఇంకొకరి చేతిలో పడి ఎట్లాంటి పుస్తకాలకు వాడబడతాయో అన్న దిగులు ఆయనను వదలలేదు. 1913లోనే పోత మూసలను నదిలో వేసేశాడు. 75 ఏళ్ళు దాటిన ఆ మనిషి, 1917 జనవరి దాకా తిరిగి తిరిగి, టన్నుకు పైగా అక్షరాలను నదిపాలు చేశాడు. వాకర్‌కు మాత్రం ఇది అన్యాయమే కదా! 1922లో కాబ్డెన్ సాండర్సన్ పోయినాక ఆయన భార్య పరిహారం ఇచ్చుకోవలసి వచ్చింది.

2014లో రాబర్ట్ గ్రీన్ అనే ఆయన, నీరు తీసినప్పుడు వంతెన కింద వెతికితే, రాళ్ళ మధ్య మూడు అక్షరాలు దొరికాయి. వెంటనే గజఈతగాళ్ళను దింపించాడు. మొత్తం సుమారు 150 అక్షరాలు పైకి వచ్చాయి. తక్కినవి చాలావరకు నదిలోనే ఉండిపోయాయి.