గరుకు ఉపరితల పాలిమర్ కణాలు

గరుకు ఉపరితల పాలిమర్ కణాలు అనగా ద్రవంలో తేలియాడుతూ, పైభాగమంతా చిన్నచిన్న బుడిపెలు కలిగిన అతిసూక్ష్మ గోళాలు. ఇవి కొలాయిడ్ (కాంజికాభ) కణాల కోవకు చెందినవి. గోళం వ్యాసం సాధారణంగా కొన్ని వందల నానోమీటర్ల నుండి కొన్ని మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. బుడిపెలు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి. ఆంగ్ల గ్రంథాలలో వీటిని రాస్ప్‌బెర్రీ పండుతో పోలుస్తారు. తెలుగువారికి సీతాఫలం పోలిక దగ్గరగా ఉంటుంది. గోళం యొక్క పరిమాణం మారకపోయినా, కేవలం ఈ బుడిపెల వలన అది పక్క కణాన్ని అంటుకొనే తీరు, నూనె-నీటి సరిహద్దులో నిలిచే తీరు మారిపోతాయి.

తయారీ

సబ్బువంటి పదార్థం కలిపిన నీటిలో స్టైరీన్‌ను చిలికి, పొటాషియం పర్‌సల్ఫేట్ వంటి ప్రారంభకం చేర్చి వేడిచేస్తే పాలీస్టైరీన్ గోళాలు ఏర్పడతాయి. తలతన్యత కారణంగా ఇవి సాధారణంగా నున్నగా వస్తాయి. గరుకుదనాన్ని విడిగా కల్పించాలి.

ఇందుకు సులభమైన మార్గం విద్యుదావేశాల ఆకర్షణ. నీటిలో సిలికా కణాలకు సాధారణంగా ఋణావేశం ఉంటుంది. పర్‌సల్ఫేట్‌తో చేసిన గోళాలకు కూడా ఋణావేశమే కనుక ఆ రెండూ అతకవు. అందుచేత ధనావేశాన్నిచ్చే ప్రారంభకంతో గోళాలను తయారుచేసి, వాటిపై చిన్న సిలికా కణాలను అతికిస్తారు. ఇక్కడ పాళ్ళు చాలా ముఖ్యం. సిలికా చాలకపోతే ఒకే కణం రెండు గోళాల మధ్య వంతెనగా నిలిచి, అంతా గడ్డకట్టి అడుగుకు దిగిపోతుంది. కాబట్టి సిలికా అధికంగా ఉన్న నీటిలోకి గోళాలను కొద్దికొద్దిగా చేర్చి, మిగిలిన సిలికాను సెంట్రిఫ్యూజ్‌తో వేరుచేస్తారు. నీటిలో లవణం చేరితే ఈ పట్టు సడలవచ్చు. పాలీస్టైరీన్ మెత్తబడే సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే సిలికా కొంత లోనికి దిగి స్థిరపడుతుంది.

కణాల మధ్య ఆకర్షణ

నీటిలో కరిగిన పాలిమర్ చుట్టలు రెండు గోళాల మధ్యనున్న ఇరుకు సందులో దూరలేవు. అవి బయటి నుండి నెట్టడం వలన గోళాలు దగ్గరకు చేరతాయి. ఈ బలాన్ని 1954లో జపాను శాస్త్రవేత్తలు అసాకురా, ఊసావా వివరించారు. బుడిపెల ఎత్తు చుట్టల పరిమాణాన్ని మించితే సందులోనూ చుట్టలు ఇముడుతాయి, ఆకర్షణ క్షీణిస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఒక వైపు నునుపు, మరొక వైపు గరుకు గల కణాలతో దీనిని చక్కగా నిరూపించారు. కణాలు నున్నని వైపులను లోపలికి పెట్టుకొని చిన్న గుంపులుగా వాటంతట అవే చేరాయి.

ఉపయోగాలు

సబ్బుకు బదులుగా సూక్ష్మకణాలతో నిలిపిన ఎమల్షన్లను పికరింగ్ ఎమల్షన్లు అంటారు. నున్నని కణాల విషయంలో నీటిని ఇష్టపడేవి పాలవలె నీటిలో నూనె బిందువులను, నూనెను ఇష్టపడేవి వెన్నవలె నూనెలో నీటి బిందువులను నిలుపుతాయి. గరుకు కణాలు అలా కాదు. బుడిపెల వద్ద ద్రవపు అంచు చిక్కుకొని ముందుకు జరగదు. ఒకే గరుకు కణాలు, మొదట ఏ ద్రవంలో కలిపారన్న దానిని బట్టి, రెండు రకాలనూ నిలుపుతాయని జ్యూరిక్‌లో సిలికా కణాలపై జరిగిన ప్రయోగాలు 2017లో చూపాయి.

గరుకు కణాల పూతకు నీటిని వికర్షించే రసాయనం జోడిస్తే తామరాకు మీద వలె నీటి బొట్లు జారిపోతాయి. బుడిపెలు లేని చదును పూతపై ఆ రసాయనం ఒక్కటే ఇంతటి ఫలితం ఇవ్వదు. అయితే చిక్కని ద్రవాలలో బుడిపెలు ఒకదానికొకటి తగులుకొని రాపిడి పెరుగుతుంది. వేగంగా కలిపినప్పుడు ద్రవం హఠాత్తుగా బిగుసుకుపోతుంది. నున్నని కణాలతో పోలిస్తే తక్కువ కణాలు ఉన్నప్పుడే ఇది మొదలవుతుంది. గొట్టాలలో ప్రవహించవలసిన ద్రవాలకు ఇది పెద్ద ఇబ్బంది.